కుందేళ్ళకీ గిన్నీ పిగ్‌లకీ ఎండాకులు: ఇంట్లోనే ఎండబెట్టుకుని పెట్టే పద్ధతి

మా ఇంట్లో రెండు కుందేళ్ళు, ఒక గిన్నీ పిగ్, మా పాప పట్టుబట్టి తెప్పించుకున్న ఒక హామ్‌స్టర్ ఉన్నాయి. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి వాళ్ళకీ, పక్కనే ఉన్న పాతపట్నంలో మా చుట్టాలకీ ఈ సంగతి తెలుసు, అందుకే ఎవరింటికి కుందేలు పిల్ల వచ్చినా ముందు నాకే ఫోన్ వస్తుంది. ఈ మధ్య అందరూ అడిగేది ఒకటే, ఆన్‌లైన్‌లో చిన్న ప్యాకెట్టు ఎండాకులకి వందలు చెప్తున్నారు, కొనమంటారా అని. కొనక్కర్లేదు. మన బజార్లో దొరికే ఆకులూ మన పెరట్లో పెరిగే ఆకులూ చాలు, కాకపోతే ఏ ఆకు, ఎలా ఎండబెట్టాలి, ఎంత పెట్టాలి అన్న మూడూ సరిగ్గా తెలియాలి, ఎందుకంటే తప్పు జరిగేది ఎక్కువగా ఎండబెట్టే దగ్గరే.

అన్నిటికంటే ముందు ఒక మాట. గడ్డి వాటికి అన్నం, ఎండాకు పచ్చడి. పచ్చడి ఎంత బాగున్నా దాంతోనే కడుపు నింపుకోము కదా. కుందేలు తినే దాంట్లో 80 శాతానికి పైగా గడ్డే ఉండాలి, గిన్నీ పిగ్‌కి కూడా అంతే. ఎందుకంటే కుందేలు పళ్ళు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్ళయితే వారానికి 2, 3 మిల్లీమీటర్ల దాకా పెరుగుతాయి, అవి అరగాలంటే పొడుగాటి పీచున్న గడ్డిని గంటల తరబడి నమలాలి. పేగు కదలడానికి కూడా ఆ పీచే కావాలి. ఎండాకు నోట్లో వేసుకోగానే పొడైపోతుంది, పళ్ళని అరగదీసే పని దానివల్ల కాదు. మరి ఎందుకు పెట్టడం అంటే, వాసన కోసం, రుచి మార్పు కోసం, గడ్డి మీద చల్లితే ఆ ఆకు కోసం వెతుక్కుంటూ గడ్డి కూడా ఎక్కువ తింటాయి కాబట్టి. బోనులో ఉండే జంతువుకి వెతుక్కుని తినడం కూడా ఒక పనే, అది లేకపోతే విసుగుతో బోను ఊచలు కొరుకుతుంది.

గడ్డి అంటే ఏ గడ్డి అని మళ్ళీ అడుగుతారు. టిమోతీ గడ్డి తెప్పించుకోగలిగితే మంచిదే. లేకపోతే మన గరిక ఉంది, ఒడియా వాళ్ళు దూబొ ఘాసొ అంటారు, శుభ్రమైన చోట కోసి ఎండబెట్టుకుంటే బ్రహ్మాండంగా తింటాయి. వరిగడ్డిలో బలం తక్కువ, కింద పరుపుగా వేస్తే కొరుక్కుంటాయి, కానీ అదొక్కటే తిండి అనుకోకూడదు.

పచ్చి ఆకు రోజూ దొరుకుతుంటే ఎండబెట్టడం ఎందుకు అని నేనూ మొదట్లో అనుకున్నాను. 2018 అక్టోబరులో తితిలీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన తర్వాత మా గజపతి జిల్లాలో ఎలా ఉందో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్రిజ్‌లో దాచిన కొత్తిమీర కుళ్ళిపోయింది, కొండల మీంచి సవర వాళ్ళు తెచ్చే ఆకుకూర బజారుకి దిగలేదు. ఇంట్లో ఉన్న ఎండు గరిక మూట, ఒక సీసా ఎండు కొత్తిమీర, వీటితోనే మా కుందేలు గట్టెక్కింది. అప్పటినుంచి ప్రతి ఏడాదీ వానలు మొదలయ్యేలోపు సీసాలు నింపి పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఇక ఆకుల సంగతి. కొత్తిమీరతో మొదలుపెట్టండి, దాదాపు అన్ని కుందేళ్ళూ ఇష్టంగా తింటాయి, కాడలు కూడా పనికొస్తాయి. మన బజార్లో ధణియా పత్రొ అని అడిగితే కట్టలు కట్టలు ఇస్తారు. తర్వాత పుదీనా, దీని వాసన ఘాటు కాబట్టి కొంచెం కొంచెంగా. తులసి బాగానే తింటాయి, అయితే కోటలో తులసిని తుంపొద్దు, అది పూజకి, పైగా దాని మీద పసుపూ కుంకుమా పడి ఉంటాయి. నేను విడిగా రెండు కుండీల్లో వేశాను, మా అత్తగారు కూడా వాటిని కుందేళ్ళ తులసి అనే పిలుస్తారు. మందార ఆకులూ పువ్వులూ రెండూ పెట్టొచ్చు, ఎండిన మందార పువ్వంటే మా గిన్నీ పిగ్ ప్రాణం పెడుతుంది. మందు కొట్టని పెరటి గులాబీ రేకులు పెట్టొచ్చు, బజారులో దండలు కట్టే గులాబీలు మాత్రం వద్దు, వాటికి ఏం చల్లారో మనకి తెలియదు. జామ ఆకు, వెదురాకు, అరటాకు, మల్బరీ ఆకు, ఇవన్నీ సురక్షితమే. వెదురాకు గడ్డి జాతిదే కాబట్టి కొంచెం ఎక్కువ పెట్టినా ఫర్వాలేదు. పట్టుపురుగుల కోసం వేసిన తోటలోంచి మల్బరీ తెచ్చుకుంటే ఎప్పుడు మందు కొట్టారో అడిగి మరీ తెచ్చుకోండి. మెంతికూర వారానికి ఒకట్రెండు సార్లు చాలు.

మునగాకు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర అందరూ ముందు దాన్నే ఎండబెడతారు, సజనా శాగొ ఆరోగ్యానికి మంచిదని మనం తింటాం కాబట్టి కుందేలుకీ మంచిదే అనుకుంటారు. అందులో కాల్షియం చాలా ఎక్కువ. పచ్చి ఆకులోనే ఎక్కువ, ఎండితే నీరంతా పోయి ఇంకా చిక్కబడుతుంది, 100 గ్రాముల ఎండు మునగాకు పొడిలో దాదాపు 2000 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. మనుషుల ఒంట్లో అయితే అవసరమైనంతే పేగు తీసుకుని మిగతాది వదిలేస్తుంది. కుందేలు అలా కాదు, తిండిలో ఎంత కాల్షియం ఉంటే అంతా పేగు పీల్చేస్తుంది, ఎక్కువైనది మూత్రంలోంచి పోవాలి. అందుకే కుందేలు మూత్రం మామూలుగానే కొంచెం మబ్బుగా ఉంటుంది. రోజూ మునగాకు పెడితే అది సున్నపు నీళ్ళలా చిక్కబడి మూత్రసంచిలో బురదలా పేరుకుంటుంది, రాళ్ళు కూడా కడతాయి, పాపం ఆ నొప్పి అది చెప్పుకోలేదు. గిన్నీ పిగ్‌లకి కూడా రాళ్ళ బెడద ఉంది. కాబట్టి ఎండు మునగాకు వారానికి ఒక్కసారి, చిటికెడు, అంతే. మూత్రం ఆరిన చోట తెల్లగా సున్నం పొడిలా మిగులుతుంటే అది కూడా ఆపేసి డాక్టరుకి చూపించండి. ఇంకో సంగతి, మూత్రం ఒక్కోసారి నారింజ రంగులోనో ఎర్రగానో వస్తే వెంటనే రక్తం అని టెన్షన్ పడకండి, తిన్న ఆకుల్లోని రంగువల్ల కూడా అలా వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో మామూలైపోతుంది. పోకపోయినా, మూత్రానికి కూర్చున్నప్పుడు ముక్కుతున్నా అది వేరే సంగతి, చూపించాల్సిందే.

పెట్టకూడనివి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఉల్లికాడ, వెల్లుల్లి ఆకు వద్దు. టమాటా ఆకులు, బంగాళాదుంప ఆకులు వద్దు. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, ఆముదం, ఇవి విషం, ఎండినా విషమే. గట్ల వెంట రంగురంగుల పూలతో పెరిగే లాంటానా, రోడ్ల పక్కన తెల్లటి పూలతో ఉండే వయ్యారిభామ, ఈ రెండూ గడ్డి కోసేటప్పుడు పొరపాటున మోపులో కలిసిపోతాయి, ఏరి పారేయాలి. సుబాబుల్ ఆకు మేకలకి వేస్తారని కుందేలుకీ వేస్తుంటారు, అందులో మిమోసిన్ అనే పదార్థం ఉంటుంది, దానివల్ల బొచ్చు ఊడిపోతుంది, పెట్టకండి. పాలకూర, తోటకూర ఎండబెట్టే పని పెట్టుకోకండి, వాటిలో కాల్షియంతో కలిసి రాళ్ళు కట్టే ఆక్సలేట్లు ఎక్కువ. రోడ్డు పక్క ఆకు ఏదైనా సరే దుమ్ము, పొగ, కుక్కల మూత్రం పడి ఉంటుంది, అక్కడ కోయొద్దు. పేరు ఖాయంగా తెలియని ఆకు ఎంత పచ్చగా కనిపించినా సంచిలో వేయకండి, ఎండిపోయాక ఏది ఏదో మనకే పోల్చుకోవడం కష్టం.

ఎండబెట్టడానికి మన దగ్గర మంచి కాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి. గాలి పొడిగా ఉంటుంది, కొత్తిమీర చవక. ఉదయం మంచు ఆరిన తర్వాత కోసిన ఆకైతే మంచిది, తులసీ పుదీనా పూత రాకముందు కోయండి. మూడు సార్లు నీళ్ళు మార్చి కడగండి, బజారు ఆకునైతే పది నిమిషాలు నీళ్ళలో నానబెట్టి మట్టి కిందికి దిగాక పైకి తీయండి, మళ్ళీ ఆ నీళ్ళలో ముంచకండి. పసుపు రంగుకి తిరిగినవీ జిగటగా ఉన్నవీ ఏరేయండి. బాగా విదిలించి, పాత నూలు పంచె మీద పరిచి పైన ఇంకో గుడ్డతో అద్దితే పై తడి పోతుంది. ఈ తడి పోగొట్టే పనిలో బద్ధకించకూడదు, సగం బూజు ఇక్కడే మొదలవుతుంది.

తర్వాత నీడలో ఆరబెట్టాలి. ఎండలో కాదు. మామిడి ఒరుగులు ఎండబెట్టిన అలవాటుతో మేడ మీద ఎర్రటి ఎండలో వేస్తే ఆకు పైకి గలగలమంటుంది కానీ కాడ లోపల తడి అలాగే ఉండిపోతుంది, రంగు పోతుంది, వాసన పోతుంది, ఆ వాసన కోసమే కదా మనం ఇదంతా చేసేది. గాలి ఆడే వసారాలో నవారు మంచం మీద పల్చటి గుడ్డ వేసి, ఆకు ఒక్క వరసగా, ఒకదాని మీద ఒకటి పడకుండా పరవండి. మంచం అయితే కింద నుంచి కూడా గాలి తగులుతుంది, అందుకే చేటల కంటే నాకు మంచమే నచ్చింది. పైన దోమతెర లాంటి పల్చటి గుడ్డ కప్పండి, ఈగలూ బల్లులూ ఒక ఎత్తయితే, ఇంట్లో తిరిగే ఎలుకల మూత్రం పడితే రోగాలు వస్తాయి, అది మరీ ప్రమాదం. రోజుకి రెండు సార్లు తిప్పండి. పుదీనా, తులసి కొమ్మలనైతే నాలుగైదు కలిపి దారంతో కట్టి తలకిందులుగా వేలాడదీయొచ్చు, లావుగా కట్టొద్దు, మధ్యలో ఆకులు నల్లబడతాయి. అరటాకుని ఈనె తీసేసి వేలెడు వెడల్పు ముక్కలుగా కత్తిరించండి. మందార పువ్వు లోపల తడి పట్టి ఉంచుతుంది, రేకులు విడదీసి ఎండబెడితే త్వరగా అయిపోతుంది.

చలికాలంలో కొత్తిమీర మూడు నాలుగు రోజులు పడుతుంది, పుదీనా ఇంకో రోజు, మందార వారం. రోజులు లెక్కపెట్టడం కంటే చేత్తో చూడటం మేలు. ఆకు నలిపితే పొడి కావాలి, కాడ వంచితే పటుక్కున విరగాలి. వంగి మళ్ళీ నిటారుగా లేచిందంటే ఇంకా తడి ఉన్నట్టే.

సీసాలో పెట్టాక కూడా వారం రోజులు గమనించాలి. పొడి గాజు సీసాలో ముప్పాతిక వరకే నింపి, రోజూ ఒకసారి ఊపి చూడండి, లోపలి గోడ మీద చెమ్మ పట్టినా, ఆకులు ముద్దగా అంటుకున్నా వెంటనే బయటికి తీసి మళ్ళీ ఆరబెట్టండి. వారం దాటి గలగలమంటూనే ఉంటే ఇక భయం లేదు. మూత మీద ఆకు పేరు, నెల రాసి చీకటి అలమారలో పెట్టండి. ఆరు నెలల దాకా వాసన బాగుంటుంది, ఏడాది దాటితే పారేయండి.

ఈ వారం రోజుల పరీక్ష నేను చేయని ఏడాది జరిగింది చెప్తాను. ఆగస్టులో, ముసురు పట్టి ఉన్నప్పుడు, పుదీనా ఎక్కువ దొరికిందని ఫ్యాను కింద ఎండబెట్టి సీసాలో పోశాను. పది రోజులకి మూత తీస్తే కొద్దిగా ముక్కిన వాసన, అడుగున బూడిద రంగు నూగు. పైన ఆకులు బాగానే ఉన్నాయని అవి ఏరి మా కుందేలు చిట్టికి పెట్టాను. మర్నాడు పొద్దున అది గడ్డి ముట్టలేదు, బోనులో ఒక్క పెంటిక లేదు, పళ్ళు కొరుకుతూ మూలకి ముడుచుకుని కూర్చుంది. దగ్గర్లో పశువుల డాక్టరుకి చూపిస్తే రెండు రోజులు చూడమన్నారు, ఆవుల్నీ మేకల్నీ చూసే ఆయనకి కుందేలు రెండు రోజులు ఆగదని తెలియలేదు. ఆ సాయంత్రమే కారు మాట్లాడుకుని విశాఖ తీసుకెళ్ళాం, సెలైన్ ఎక్కించి, పేగు కదలడానికి మందిచ్చి, సిరంజితో తిండి పట్టించారు. ఐదో రోజు పెంటికలు మామూలుగా పడ్డాయి. బూజు ఒకచోట కనిపించిందంటే సీసా అంతా పాడైనట్టే, అది వదిలే విషం మంచిగా కనిపించే ఆకులోనూ ఉంటుంది, ఏరితే పోదు, వేయిస్తే పోదు. సీసా అంతా పారబోయండి. వానాకాలంలో అసలు ఎండబెట్టకండి, అప్పుడు పచ్చి ఆకే కడిగి తుడిచి పెట్టుకోండి, లేదా చలికాలంలో దాచినది వాడుకోండి.

కుందేలు వాంతి చేసుకోలేదు, లోపలికి వెళ్ళింది పేగు దాటే బయటికి రావాలి. అందుకే కొత్త ఆకు ఏదైనా ఒక్కొక్కటిగా అలవాటు చేయాలి. మొదటి రోజు చిటికెడు, మూడు రోజులు అదే ఆకు, రోజూ పెంటికలు చూడాలి. గుండ్రంగా, ఇంచుమించు ఒకే సైజులో, చిదిమితే గడ్డి పీచు కనిపిస్తే అంతా బాగున్నట్టు. చిన్నవైపోయినా, దారం గుచ్చినట్టు ఒకదానికొకటి అతుక్కున్నా, నీళ్ళగా వచ్చినా ఆ ఆకు మానేయండి. రాత్రుళ్ళు మెత్తగా, ద్రాక్ష గుత్తిలా వచ్చేవి వేరు, వాటిని కుందేలు నేరుగా తనే తినేస్తుంది, అది దానికి అవసరం, అసహ్యపడి ఆపకండి. పది పన్నెండు గంటలు తిండీ పెంటికా లేకపోతే ఆకులతో ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకండి, అది ప్రాణం మీదికి వచ్చినట్టే. బరంపురంలోనో శ్రీకాకుళంలోనో విశాఖలోనో కుందేళ్ళని చూసే డాక్టరు ఎవరో ముందే కనుక్కుని నంబరు రాసిపెట్టుకోండి.

రెండు కిలోల కుందేలుకి రోజుకి ఒక పెద్ద స్పూను ఎండాకు, మూడు నాలుగు రకాలు కలిపి, గడ్డి మీద చల్లి. పొడి చేయకండి, ముక్కులోకి పోయి తుమ్ములు వస్తాయి, ఆకు ఆకులాగే ఉండాలి. మూడు నెలలు నిండని పిల్లకి అసలు వద్దు, దాని పేగు ఇంకా కుదురుకోదు. పచ్చి ఆకులో ఉండే నీరు ఎండాకులో ఉండదు కాబట్టి నీళ్ళ గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచండి, ఏప్రిల్, మే నెలల్లో మన ఉక్కపోతకి రెండు గిన్నెలు పెట్టండి.

గిన్నీ పిగ్‌కి ఒక చిన్న స్పూను చాలు. దీని విషయంలో చాలామంది చేసే పొరపాటు, ఎండాకు పెడుతున్నాం కదా అని పచ్చి ఆకు మానేయడం. గిన్నీ పిగ్ మనలాగే విటమిన్ సి ని ఒంట్లో తయారుచేసుకోలేదు, కిలో బరువుకి రోజుకి 10 నుంచి 30 మిల్లీగ్రాములు తిండిలోంచే అందాలి, ఎండబెడితే ఆ విటమిన్ చాలావరకు పోతుంది. రోజూ కొన్ని పచ్చి కొత్తిమీర రెమ్మలు, ఒక క్యాప్సికం ముక్క, అప్పుడప్పుడు గోరంత జామపండు ముక్క పెట్టండి. కుందేలు ఆ విటమిన్ తనే తయారుచేసుకుంటుంది, దానికి ఈ చింత లేదు.

హామ్‌స్టర్‌కి గింజలే ముఖ్యం, ఎండాకు వారానికి రెండు మూడు సార్లు చిటికెడు. అది బుగ్గల్లో కుక్కుకుని వెళ్ళి గూట్లో దాస్తుంది, కాబట్టి పూర్తిగా ఎండినదే పెట్టాలి, సగం తడిది అక్కడే బూజు పడుతుంది. బోను శుభ్రం చేసేటప్పుడు ఆ దాపుడు కూడా చూసి పాతది తీసేయండి. పెంపుడు ఎలుకలున్నవాళ్ళు కూడా ఇంతే.

అడవి కుందేలు పిల్ల దొరికిందని పట్టుకొచ్చి ఏం పెట్టాలని అడిగేవాళ్ళూ ఉన్నారు. దాన్ని ఇంట్లో ఉంచకూడదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, పైగా అది బోనులో బతకదు. తల్లి పగలంతా పిల్లని గడ్డిలో వదిలి వెళ్తుంది, వదిలేసినట్టు కాదు, దొరికిన చోటే పెట్టేయండి.

ఎంత దాచుకోవాలో లెక్క కూడా చెప్తాను. ఒక కిలో పచ్చి కొత్తిమీర ఎండితే 120, 130 గ్రాములకి మించి రాదు. ఒక కుందేలుకి రోజుకి రెండు గ్రాములనుకుంటే జూలై నుంచి అక్టోబరు దాకా నాలుగు నెలలకి 240 గ్రాములు, అంటే అన్ని రకాలూ కలిపి రెండు కిలోల పచ్చి ఆకు. అందులో సగం కొత్తిమీర, మిగతా సగంలో తులసి, పుదీనా, మందార, వెదురాకు కలిపితే సరిపోతుంది. నేనైతే సంక్రాంతి దాటిన వారం మొదలుపెట్టి రెండు విడతల్లో పూర్తి చేస్తాను, అప్పటికి కొత్తిమీర బాగా చవగ్గా ఉంటుంది, మంచం కూడా చుట్టాలు వెళ్ళిపోయి ఖాళీ అవుతుంది.